నడుముకు ఇంట్లోనే కుట్టుకునే బెల్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో నాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, లంగాలు, ఫాల్స్, పికో. ఇరవై ఏళ్లకు పైగా మిషన్ మీదికి వంగి కూర్చున్నాక నడుము ఊరుకోదు కదా. మొదట నాకోసం ఒక బెల్టు కుట్టుకున్నాను, అది పాడు చేశాను. రెండోది అత్తమ్మకు కుట్టాను. మూడోది కుదిరింది. అప్పటినుంచి జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇది కార్సెట్టా, బెల్టా?

రెంటికీ మధ్యలో ఉంటుంది. కార్సెట్ అంటే విదేశీ ఆడవాళ్లు గౌను కింద నడుము సన్నగా కనబడాలని తాళ్లతో బిగించుకున్న బిర్రు జాకెట్టు. దాని లోపల నిలువుగా గట్టి పుల్లలు ఉండేవి. వాటిని తిమింగలం ఎముకలు అనేవారు గానీ నిజానికి అవి ఎముకలు కావు, తిమింగలం నోట్లో జల్లెడలా ఉండే పలకలు. తర్వాత స్టీలు వచ్చింది. డాక్టర్లు రాసే నడుము బెల్టు కూడా ఈ వంశానిదే. గట్టి బట్ట, నిలువు రేకులు, బిగించడానికి ఒక ఏర్పాటు. తేడా ఒక్కటే. అది నడుమును నొక్కడానికి, ఇది వంగేటప్పుడు నడుముకు ఆనుకోవడానికి.

మనకూ ఈ పని కొత్త కాదు. నాటు వేసేటప్పుడు ఆడవాళ్లు కొంగు తిప్పి నడుముకు బిగిస్తారు, హమాలీలు తువ్వాల చుట్టుకుంటారు, బాలింతకు పాత చీరతో కట్టు కడతారు. నడికట్టు అన్న మాట ఉండనే ఉంది. మనం కుట్టబోయేది రేకులు పెట్టిన నడికట్టు అనుకోండి.

ఇది కట్టుకుంటే నడుం నొప్పి పోతుందా?

పోదు. ఈ మాట ముందే చెప్పకపోతే మిగతాది రాసి లాభం లేదు.

2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో బెల్టులు, పట్టీలు మామూలు చికిత్సగా వాడవద్దనే చెప్పింది. బ్రిటన్‌లో 2016లో వచ్చిన మార్గదర్శకాలదీ అదే మాట. అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ 1994లోనే ఒక మాట అంది: బరువులు ఎత్తే ఆరోగ్యవంతులకు బెల్టు కడితే నడుం దెబ్బ తినదని చెప్పడానికి ఆధారం లేదని.

మరి ఎందుకు కుడుతున్నావు అంటారా? బెల్టు చేసే పనులు కొన్ని ఉన్నాయి. నడుము మరీ ఎక్కువగా వంగకుండా, మెలి తిరగకుండా కొంత అడ్డుకుంటుంది. పొట్ట వైపు నుంచి కాస్త ఆనిక ఇస్తుంది. వెచ్చగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద పని గుర్తు చేయడం. మిషన్ మీదికి నేను తెలియకుండానే వాలిపోతుంటే వెనక రేకు తగిలి "ఇగ లే" అంటుంది. పట్టేసిన రెండు మూడు రోజుల్లో ఇంటి పని ఆగదు కదా, అప్పుడు గంటా రెండు గంటలు గడవడానికి ఇది ఆసరా. అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నడుము బాగుపడేది నడకతో, డాక్టరు గానీ ఫిజియో గానీ చూపించిన వ్యాయామంతో.

ఎవరు కుట్టుకోవద్దు? ముందు డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలి?

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా కత్తెర పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పొండి. కాలు బలహీనమై ఈడ్చుకుంటూ నడవడం. తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరి. మూత్రం, విరేచనం పట్టు తప్పడం లేదా మూత్రం రాకుండా ఆగిపోవడం. ఇవి మూడూ రేపటిదాకా ఆగేవి కావు, ఆ రాత్రికే ఎమర్జెన్సీకి పోవాలి. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయిన తర్వాత మొదలైన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, ముసలివాళ్లకు ఉన్నట్టుండి వీపు మధ్యలో పోటు, ఇవి కూడా చూపించుకోవలసినవే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎముకల డాక్టర్లు చూస్తారు. పొద్దున్నే పోవాలి, లైన్ ఉంటుంది.

గర్భిణులు ఈ బెల్టు కట్టుకోవద్దు. హెర్నియా ఉన్నవాళ్లు, పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, గుండె జబ్బు, ఆయాసం, బాగా ఎసిడిటీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే కట్టుకోవాలి. పొట్ట మీద ఒత్తిడి పెరిగితే ఇవన్నీ ముదురుతాయి.

మెడికల్ షాపులో దొరుకుతుంటే కుట్టడం ఎందుకు?

మీకు సరిపోతే కొనుక్కోండి. నాకు సరిపోలేదు. నేను కొన్నది నిలబడితే బాగానే ఉండేది, కూర్చుంటే ముందు భాగం పైన పక్కటెముకల్లోకి, కింద తొడల్లోకి గుచ్చుకునేది. మన ఇళ్లలో ఆడవాళ్లు నిలబడి చేసే పని సగమే. కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం, బట్టలు ఉతకడం, బీడీలు చుట్టడం, అన్నీ కింద కూర్చునే పనులు. గొంతు కూర్చుంటే పక్కటెముకకూ తొడకూ మధ్య ఎంత జాగా మిగులుతుందో టేపు పెట్టి చూడండి. నాకు ఆరున్నర ఇంచులు. నేను కొన్న బెల్టు ముందు వైపు ఎత్తు తొమ్మిది.

ఇంకొకటి వేడి. రబ్బరు నురుగు లాంటి మెటీరియల్‌తో చేసిన బెల్టును మే నెలలో వరంగల్‌లో కట్టుకుని ఒక్క పూట గడిపితే తెలుస్తుంది. మనం కుట్టుకునేది నూలు బట్టది కాబట్టి చెమట పీల్చుకుంటుంది.

ఏ బట్ట తీసుకోవాలి?

సాగని, మందమైన నూలు బట్ట. షాపులో "డ్రిల్ ఇవ్వండి" అంటే ఇస్తారు. యూనిఫాం ప్యాంట్లకు వాడేదే. సాగే పోగు కలిసిన జీన్స్ వద్దు. సాగని పాత జీన్స్ ప్యాంటు ఉంటే దాని కాళ్ల బట్ట చక్కగా పనికొస్తుంది, పైగా చాలాసార్లు ఉతికింది కాబట్టి ఇంక కుంచించుకుపోదు. కొత్త డ్రిల్ అయితే ముప్పావు మీటరు చాలు.

బట్టను రెండు చేతులతో పట్టుకుని నిలువుకు ఒకసారి, అడ్డానికి ఒకసారి గట్టిగా లాగండి. ఎటు తక్కువ సాగుతుందో అటు నడుము చుట్టూ వచ్చేలా కట్టింగ్ చేసుకోవాలి. జాకెట్ కుట్టే అలవాటుతో కళ్లు మూసుకుని నిలువు పోగు నిలువుగానే పెట్టేస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు, లాగి చూడాల్సిందే.

కుట్టేముందు బట్టను నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నా మొదటి బెల్టు పాడైంది ఇక్కడే. తొందరపడి కొత్త డ్రిల్‌ను అలాగే కత్తిరించాను. మొదటి ఉతుకు తర్వాత ముందు రెండు రెక్కలు ఒకదాన్నొకటి అందుకోలేదు. జాకెట్ లైనింగ్ తడపకుండా కుట్టిన పిల్లల్ని నేనే తిడతాను, మళ్లీ నేనే ఆ పని చేశాను.

బట్టల బజార్లో దొరికే సన్నని లంగా బట్ట దీనికి పనికిరాదు. రేకు దాన్ని నెల రోజుల్లో చీల్చుకుని బయటికి వస్తుంది.

వరంగల్ కొత్తవాడలో నేసే షత్రంజీ (నేల మీద పరిచే జంపఖానా) బట్టతో కుట్టొచ్చా? గట్టిగా ఉంటుంది కదా?

నవ్వాను గానీ అడిగినావిడ తప్పేం లేదు, ఆమె పుట్టిల్లు కొత్తవాడే. వరంగల్ షత్రంజీకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది. నేతలో అంత గట్టిది మన దగ్గర ఇంకోటి లేదు. కానీ అది పరుచుకునే బట్ట. రెండు మడతలు వేస్తే ఇంటి మిషన్ సూది విరుగుతుంది, అంచు మడిస్తే వేలంత లావు దిమ్మ అవుతుంది. దాని మీద కూర్చుని బెల్టు కుట్టుకోండి, అదే మంచిది.

లోపలి రేకులు ఎక్కడ దొరుకుతాయి?

అన్నిటికంటే సులువు దారి: ఇంట్లో, చుట్టాల ఇళ్లలో పడి ఉన్న పాత నడుము బెల్టు. ఎవరో ఒకరి బీరువా మీద ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. ఎలాస్టిక్ వదులైపోయి పక్కన పడేసి ఉంటారు గానీ లోపలి రేకులకు ఏమీ కాదు. వెనక భాగం కుట్టు విప్పితే వస్తాయి. చాలావాటికి ముందే నడుము వంపు వేసి ఉంటుంది, అంచులు గుండ్రంగా ఉంటాయి. నేను వాడినవి మా ఆడబిడ్డ పాత బెల్టువి.

అది దొరకకపోతే ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కట్టే ప్లాస్టిక్ కేబుల్ టైలు అడగండి. వెడల్పువి, మందమైనవి తీసుకోవాలి. ఇంట్లో కార్సెట్లు కుట్టుకునే విదేశీయులు కూడా వీటినే బాగా వాడతారు. తలకాయ కత్తిరించి, కావలసిన పొడవుకు కోసి, రెండు చివర్లు గోళ్లు రాకే ఆకురాయితో గుండ్రంగా చేయాలి. ఒక్కోచోట రెండు రెండు జత చేసి పెట్టండి, ఒక్కటి మరీ మెత్తన. ఒంటి వేడికి కొన్నాళ్లకు వంగిపోతాయి, అప్పుడు మార్చుకోవచ్చు, ఖరీదు పెద్దగా ఉండదు.

వద్దనేవి చెబుతాను, ఎందుకంటే జనం ఏదైనా పెడతారు. గొడుగు పుల్లలు సన్నవి, గుచ్చుకుంటాయి. ఇనుము కోసే రంపం బ్లేడు వంచితే పుటుక్కున విరుగుతుంది, విరిగిన ముక్క కత్తే. స్టీలు కొలత టేపు అంచులు కూడా కోస్తాయి. వెదురు బద్దలు మేదరివాళ్ల దగ్గర నున్నగా చీల్పించి పెట్టుకున్న పెద్దావిడ ఒకామె నాకు తెలుసు. కొన్నాళ్లు బాగానే ఉందట, తర్వాత చెమటకు ఉబ్బి పేడు లేచిందట.

కొలతలు ఎలా తీసుకోవాలి?

తిన్న తర్వాత, పని చేసేటప్పుడు వేసుకునే బట్టల మీదే కొలవాలి. పరగడుపున కొలిస్తే మధ్యాహ్నానికి బిగుసుకుంటుంది.

నడుము మీద రెండు చేతులు పెట్టుకుంటే వేళ్లకు తగిలే ఎముక ఉంటుంది చూడండి, అది తుంటి ఎముక పై అంచు. ఆ అంచుకు ఎదురుగా వెనక వచ్చే చోటే మామూలుగా మనకు పట్టేసే చోటు. బెల్టు వెనక భాగం ఎత్తులో సగం దగ్గర వచ్చే అడ్డగీత అక్కడికి రావాలి. చుట్టుకొలతలు మూడు తీసుకోండి: పక్కటెముకల కింద, బొడ్డు దగ్గర, తుంటి ఎముక దగ్గర. ఎత్తు కొలతలు రెండు. వెనక వైపు నిలబడి తీసుకోవాలి, తొమ్మిది ఇంచులు చాలామందికి సరిపోతుంది. ముందు వైపు మాత్రం కింద గొంతు కూర్చుని తీసుకోవాలి, వచ్చిన కొలతలో అర ఇంచు తగ్గించుకోవాలి. ఈ ఒక్క కొలత సరిగ్గా తీసుకుంటే సగం పని అయిపోయినట్టే. నాకు ఆరున్నర వస్తే ఆరు పెట్టుకున్నాను.

కట్టింగ్ లెక్క ఎట్లా?

బొడ్డు దగ్గర 34 ఇంచులు ఉన్న మనిషికి చెబుతాను, మీ కొలతకు మార్చుకోండి.

బెల్టు ఐదు భాగాలు. వెనక పలక ఒకటి, దాని రెండు పక్కలా ఎలాస్టిక్, ముందు రెండు రెక్కలు. కట్టుకున్నప్పుడు రెక్కలు ఒకదాని మీద ఒకటి 4 ఇంచులు ఎక్కాలి. అంటే కట్టుకున్న పొడవు 38. అందులో 2 ఇంచులు ఎలాస్టిక్ సాగడం వల్ల వస్తుంది. కాబట్టి సాగకుండా బెల్టు మొత్తం పొడవు 36: వెనక పలక 12, ఎలాస్టిక్ ఒక్కో పక్క 4, రెక్క ఒక్కోటి 8. కుట్టులోకి పోయే బట్ట దీనికి అదనం. ఎలాస్టిక్ కూడా 5 ఇంచులు కత్తిరిస్తేనే రెండు వైపులా అర ఇంచు లోపలికి పోయి 4 మిగులుతుంది.

ఎలాస్టిక్ ఒకే వెడల్పాటి ముక్క కాకుండా మూడించుల వెడల్పువి రెండు, పైనొకటి కిందొకటి పెట్టండి. మనకు పైన నడుము సన్నం, కింద తుంటి వెడల్పు. ఒకే ముక్క అయితే పైన వదులుగా ఉండి కింద కోసుకుంటుంది. రెండు వేరు ముక్కలైతే కిందిది ఎక్కువ సాగుతుంది, పైది తక్కువ. తుంటి కొలత మరీ ఎక్కువ ఉన్నవాళ్లకు కింది ముక్క అర ఇంచు పొడవు ఎక్కువ పెడతాను. డాట్లు వేసే పని తప్పుతుంది.

వెనక పలక మధ్యలో 9 ఎత్తు, ఎలాస్టిక్ దగ్గరికి వచ్చేసరికి 6న్నరకు తగ్గాలి. పైనా కిందా కూడా ఆ తగ్గుదల మెల్లగా వంపుగా ఉండాలి, మూలలు వద్దు. మూల ఉంటే అది వంగినప్పుడల్లా పొడుస్తుంది. పేపర్ మీద గీసి, కత్తిరించి, పిన్నులతో ఒంటికి పెట్టి, ఒకసారి కూర్చుని లేచి చూసుకున్నాకే బట్ట మీద కత్తెర పెట్టండి.

కుట్టే వరుస చెప్పండి.

సూది 16 నంబరు. మందం ఎక్కువైతే 18. దారం పాలిస్టర్‌ది, గట్టిది. కుట్టు మరీ దగ్గర వేయొద్దు, ఎలాస్టిక్ దగ్గర చిరుగుతుంది.

వెనక పలకకు డ్రిల్ రెండు పొరలు. పై పొర లోపలి వైపున, నడుము సన్నగా ఉండే గీత మీద, ఒక వెడల్పు నాడాను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేసి కుట్టండి. లంగా నాడా కాదు, అంతకంటే వెడల్పుగా, గట్టిగా నేసినది. లాగే బరువంతా ఈ నాడా మోస్తుంది, బట్ట సాగిపోదు. ఇది లేకుండా కుట్టిన బెల్టు మూడు నెలలకు సంచిలా అవుతుంది.

తర్వాత రెండో పొర దాని మీద పెట్టి, రేకులకు దారులు కుట్టాలి. నిలువుగా సమాంతర గీతలు. రేకు వెడల్పు కంటే ఇంచులో ఎనిమిదో వంతు ఎక్కువ ఉంటే చాలు. వదులైతే రేకు లోపల తిరుగుతుంది, బిగుతైతే దూరదు. కుట్టకముందే చిన్న గుడ్డ ముక్క మీద ఒక దారి కుట్టి, రేకు దూర్చి చూసుకోండి. రేకును నాడాకూ లోపలి పొరకూ మధ్య నుంచి తొయ్యాలి. మొదటిసారి తోసేటప్పుడు నాడా అంచుకు తట్టుకుని ఆగుతుంది. బలవంతం చేయకుండా రేకును వేలితో ఒంటి వైపుకు కాస్త వంచి తోస్తే జారుకుంటూ కిందికి దిగుతుంది.

రేకు పొడవు పలక ఎత్తు కంటే పైన పావు ఇంచు, కింద పావు ఇంచు తక్కువ ఉండాలి. పూర్తి ఎత్తు పెడితే చివర అంచును పొడుచుకుంటూ వారం తిరక్కముందే బయటికి తొంగి చూస్తుంది.

ఎలాస్టిక్ అతికేచోట మూడు వరుసలు కుట్టండి. అక్కడ మందం ఎక్కువ, మోటారు ఉన్నా చక్రం చేత్తో తిప్పడం మేలు. ఎలాస్టిక్ అంచును డ్రిల్ రెండు పొరల మధ్య పెట్టి కుడితే ఒంటికి గీసుకోదు. చివరికి అంచులన్నిటికీ క్రాస్ పట్టీ, అంటే ఐమూలగా కత్తిరించిన బట్ట పట్టీ, వేయండి. వెనక పలక కింది అంచును మూసేసి, పై అంచులో రేకు దారుల నోళ్లు మాత్రం తెరిచి ఉంచి, పైనుంచి లోపలికి మడిచే ఒక మూత కుట్టి టిచ్ బటన్లు పెట్టండి. ఉతికేటప్పుడు రేకులు తీయడానికి.

రేకులు ఎన్ని, ఎక్కడ?

నాలుగు. వెన్నుపూస మీద మాత్రం ఒక్కటి కూడా రాకూడదు. నేను మొదటి బెల్టులో తెలివితేటలు చూపించి సరిగ్గా మధ్యలో ఒకటి పెట్టాను, వెన్నుకు ఆసరా అని. కుర్చీకి ఆనుకున్నప్పుడల్లా ఎముక మీద ఇనుము. రెండు రోజుల్లో చర్మం ఎర్రగా కందింది.

వెన్నుపూస మీదుగా వచ్చే నిలువు మధ్య గీతకు రెండు పక్కలా ఒకటింబావు ఇంచు వదిలి ఒక్కోటి, వాటికి బయటగా మళ్లీ ఒక్కోటి. వెన్నుకు రెండు వైపులా నిలువుగా ఉండే కండల మీద అవి ఆనాలి. రేకు తిన్నగా ఉంటే మోకాలి మీద పెట్టి మెల్లగా వంచండి. నడుము దగ్గర మన వీపు లోపలికి గుంటగా ఉంటుంది కదా, ఆ గుంటలోకి రేకు వంపు కూర్చోవాలి. రేకు తిరగేసి పెట్టారంటే రెండు చివరలూ లోపలికి గుచ్చుకుంటాయి. ముందు రెక్కల్లో రేకులు వద్దు, చివర ముడుచుకుపోకుండా ఒక పొర బక్రం (కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ) చాలు.

తాళ్లా, హుక్కులా, వెల్‌క్రోనా?

వెల్‌క్రో. తాళ్లు అందంగా ఉంటాయి గానీ వెనక కట్టడానికి ఇంకో మనిషి కావాలి, తాడు దూరే రంధ్రాలకు ఐలెట్లు (లోహపు రింగులు) కొట్టించడానికి బ్యాగులు కుట్టే షాపుకు పోవాలి. హుక్కులైతే తిన్నాక వదులు చేసుకునే వీలు లేదు.

రెండించుల వెల్‌క్రో రెండు వరుసలు వేయండి. బొచ్చు వైపు కింది రెక్క మీద 6 ఇంచులు, గరుకు వైపు పై రెక్క లోపల 4 ఇంచులు. గరుకు ముక్క ఎప్పుడూ బొచ్చు కంటే చిన్నదిగానే ఉండాలి. బయటికి వచ్చిందంటే చీర పోగులు లాగేస్తుంది. నా పోచంపల్లి చీర అంచు చూపిస్తే మీకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఎంత బిగించాలి?

అరచేతిని చదునుగా లోపలికి దూర్చగలగాలి. నిండా గాలి పీల్చుకోవాలి, గట్టిగా దగ్గగలగాలి, కింద కూర్చుని లేవగలగాలి. ఇందులో ఏది కష్టమైనా వదులు చేయండి. కాళ్లకు తిమ్మిరి వచ్చినా, విప్పాక అరగంటకు కూడా ఎర్రటి గుర్తు పోకపోయినా బిగువు ఎక్కువైనట్టే.

అత్తమ్మకు కట్టిన మొదటి రోజు ఆమె పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని ఆగింది. "గిది కట్టుకుంటె బువ్వ దిగుతలేదు బిడ్డా" అంది. నేను రెండించులు వదులు చేశాను. "ఇప్పుడు కట్టినట్టే లేదు" అంది. ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది సరైన బిగువు.

చీర లోపల కట్టుకోవాలా, పైనా?

లంగా మీద, చీర కింద. చీర మీద కడితే జారుతుంది, కుచ్చిళ్ల దగ్గర దిమ్మ కట్టి పొట్టలో గుచ్చుకుంటుంది. లంగా నాడా ముడి బెల్టు కిందికి రాకుండా పక్కకు జరిపి, లంగాను తుంటి మీద కాస్త కిందుగా కట్టుకోండి. ముడి బెల్టు కింద పడితే సాయంత్రానికి గోళీ కాయంత గుర్తు మిగులుతుంది. డ్రెస్సు వేసుకునేవాళ్లు లోపల బనియన్ లాంటిది ఏదైనా వేసుకుని దాని మీద కట్టుకోండి. వట్టి ఒంటి మీద కడితే చెమట పొక్కులు వస్తాయి.

రోజుకు ఎంతసేపు?

పనికి కట్టండి, పని అయ్యాక విప్పండి. ఒక్కసారి గంట, మహా అయితే రెండు గంటలు. పడుకునేటప్పుడు అస్సలు వద్దు. బెల్టు కడితే కండలు బలహీనపడతాయని చాలామంది భయపెడతారు. కొద్ది రోజుల వాడకంతో అలా జరుగుతుందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. నాకు కనిపించిన ఇబ్బంది వేరే. అది లేకపోతే వంగలేనేమో అన్న భయం పట్టుకుంటుంది. అది మంచిది కాదు. నొప్పి తగ్గుతున్నకొద్దీ రోజూ అరగంట తగ్గించుకుంటూ పొండి.

బీడీలు చుట్టేవాళ్లకు పనికొస్తుందా?

ఈ ప్రశ్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు చుట్టాలున్న ప్రతివాళ్లూ అడుగుతారు. మా అత్తమ్మదీ ఆ పనే. చాట ఒళ్లో పెట్టుకుని, తల వంచి, పొద్దుటినుంచి వెయ్యి బీడీల లెక్క తీరేదాకా కూర్చోవడం. అక్కడ నొప్పికి కారణం ఒకే తీరున గంటలకొద్దీ వంగి కూర్చోవడమే. దానికి బెల్టు ఒక్కటే చాలదు.

ఆమెకు మేము చేసిన మార్పులు ఇవి. గోడకు ఆనుకుని కూర్చోబెట్టి నడుము వెనక చిన్న దిండు పెట్టాం. పిర్రల కింద నాలుగు మడతలు వేసిన బొంత వేశాం, కూర్చున్న చోటు కాస్త ఎత్తయితే నడుము తనంతట తానే నిటారవుతుంది. చాటను ఒళ్లో కాకుండా చిన్న పీట మీద పెట్టాం, అప్పుడు చేతుల దగ్గరికి పని వస్తుంది, తల పని దగ్గరికి పోదు. ఒక్కో కట్ట పూర్తయినప్పుడల్లా లేచి వాకిలిదాకా పోయి రావాలని చెప్పాం. మొదట "లెక్క తప్పుతది" అంది, తర్వాత అలవాటైంది. బెల్టు మాత్రం ఆకు తడిపి కట్టలు మోసేటప్పుడు, నీళ్లు పట్టేటప్పుడే కడుతుంది. ఆమెకు ముందు వైపు ఎత్తు ఐదున్నరే పెట్టాను. మఠం వేసుకుని కూర్చుంటే అంతకంటే ఎక్కువ జాగా లేదు.

పొట్ట తగ్గుతుందా?

తగ్గదు. కట్టినంతసేపు లోపలికి పోతుంది, విప్పగానే వస్తుంది.

కాన్పు అయ్యాక కట్టుకోవచ్చా?

పెద్దవాళ్లు పాత చీరతో కట్టే కట్టు మెత్తన, ఇది రేకులది. రెండూ ఒకటి కాదు. మామూలు కాన్పు అయినా, సిజేరియన్ అయినా కాన్పు చేసిన డాక్టరును అడగకుండా రేకుల బెల్టు కట్టొద్దు. మరీ బిగిస్తే కింద గర్భసంచి మీద, మూత్రాశయం మీద ఒత్తిడి పడుతుంది.

ఎండాకాలంలో, ఉతకడంలో జాగ్రత్తలు?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు బెల్టులు ఉంటే మంచిది, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. లేకపోతే కట్టుకునే టైము తగ్గించండి. ఉతికేటప్పుడు రేకులు తీసేయాలి, వెల్‌క్రో అంటించి మూసేయాలి. లేకపోతే ఉతికిన బట్టలన్నిటి నూగూ దానికే అంటుకుంటుంది. చేత్తో పిండకుండా నీళ్లు వత్తేసి నీడలో ఆరేయండి. ఎండలో ఎలాస్టిక్ త్వరగా పెళుసెక్కుతుంది. స్టీలు రేకుకు తుప్పు కనబడితే మార్చండి, మరక పడితే డ్రిల్ మీద నుంచి పోదు.

మీరు కుట్టి ఇస్తారా?

ఇస్తాను, కానీ డాక్టరు చూశాకే. పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం అడగకండి, జాకెట్లకే రాత్రులు చాలవు. కొలతలు ఫోన్‌లో చెబితే తీసుకోను. అన్నం తిని, ఇంట్లో పనికి కట్టుకునే చీరలోనే రండి. పాత బెల్టు ఏదైనా ఉంటే రేకుల కోసం పట్టుకురండి. షాపులో కుర్చీ ఉంది గానీ మిమ్మల్ని కిందనే కూర్చోబెట్టి కొలుస్తాను, ఏమనుకోకండి.